గోకర్ణానికి నాలుగో మనిషి

ఆ ఇంట్లో ఏ పని ఎవరు మొదలుపెట్టినా చివరికది యశోద చేతుల్లోకే వచ్చేది. తల్లి సిద్ధమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి కంపెనీ బస్సు కోసం పరుగెత్తేది. అన్నం వార్చేది యశోద. వదిన నేత్రావతి బట్టలు నానబెట్టి ఆఫీసుకు పోయేది. ఉతికేది యశోద. అన్న సిద్ధేశ్ పాడి ఎనుముకు గడ్డి వేయబోతూ ఫోను మోగగానే చెవికి ఆనించుకుని గేటు దాటేవాడు. గడ్డిమోపు విప్పి వేసేది కూడా యశోదే. చెయ్యమని ఎవరూ ఆమెను అడిగేవాళ్ళు కారు. అడిగితే కాదనడానికి వీలుంటుంది కదా.

కన్నడ సీమలో తోరణగల్లు ఉక్కు కంపెనీ పక్కనున్న ఆ ఊళ్ళో పొద్దున్నే సగంమందిని బస్సులు ఎత్తుకుపోతాయి. సిద్ధమ్మది టౌన్‌షిప్పులో చెట్లకు నీళ్ళు పట్టే పని. సిద్ధేశ్ ఒక కాంట్రాక్టరు కింద క్రేను నడుపుతాడు. నేత్రావతి అదే కాంట్రాక్టరు ఆఫీసులో కూలీల హాజరు కంప్యూటర్లో ఎక్కిస్తుంది. యశోద తొమ్మిదో తరగతిలో ఉండగా అన్నకు కూతురు పుట్టింది. పేరు కావేరి. నేత్రావతి తిరిగి పనిలో చేరాల్సిన రోజు దగ్గర పడుతున్నా బిడ్డను ఎవరు చూసుకోవాలనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఒక సోమవారం యశోద స్కూలు బట్టలు వేసుకుని జడ అల్లుకుంటుంటే సిద్ధమ్మ బిడ్డను తెచ్చి ఆమె ఒళ్ళో పడుకోబెట్టి, "ఈ పొద్దు ఒక్క దినం చూసుకో మే" అంది.

ఆ ఒక్క దినం ఎనిమిదేళ్ళుగా సాగుతూనే ఉంది.

యశోద మాట్లాడేది తక్కువ. కొత్తవాళ్ళెవరైనా ఎదురుపడితే గొంతు లోపలికి పోయేది. కిటికీ పక్కన మిషను వేసుకుని ఊళ్ళో ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేది. కొలతలు తీసేటప్పుడు ఎవరు చిక్కిపోయారో, ఎవరి భుజం మీద కమిలిన మచ్చ ఉందో, ఎవరు కొత్తగా కడుపుతో ఉన్నారో ఆమెకు అందరికన్నా ముందు తెలిసేది. తెలిసింది ఆమె దగ్గరే ఉండిపోయేది.

ఆమెకు సముద్రం చూడాలని ఉండేది. ఆ సంగతీ ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ ఊళ్ళో నిలబడి ఎటు చూసినా చూపుకు ఏదో ఒకటి అడ్డం వస్తుంది. ఒక పక్క గుట్టలు, ఒక పక్క పొగగొట్టాలు, ఇంకో పక్క రోడ్డు మీద వరసకట్టిన లారీలు. అడ్డమేదీ లేకుండా కళ్ళు ఎంత దూరం పోగలవో అంత దూరం పోనిచ్చే చోటు ఒకటుందనీ, జాకెట్లు కుట్టించుకునే వాళ్ళు కూడా అక్కడికి పోయి వస్తున్నారనీ వాళ్ళ ఫోన్లలో ఫోటోలు చూసి తెలుసుకుంది.

మే నెలలో ఒక సాయంత్రం సిద్ధేశ్ ఇంటికి వస్తూనే వాకిట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పనికి పోకుండా నాలుగు రోజులు రజా దొరికిందట.

"గోకర్ణం పోతాండాం," అన్నాడు. "శివుని దర్శనమూ అయితాది, సముద్రమూ అయితాది. మా పనిలో ఉండే బసప్ప కారు ఇస్తా అన్నాడు. నేనే నడుపుకుంటా."

"క్రేను మాదిరి నడపొద్దు," అంది నేత్రావతి. "ముందుకు పొమ్మంటే పైకి ఎత్తేవు."

వాకిలి ఊడుస్తున్న సిద్ధమ్మ నవ్వింది. "సముద్రంలో ఏముండాదప్పా చూసేకి? ఉప్పునీళ్ళు. మన బోరులో వచ్చేవీ ఉప్పునీళ్ళే. బకెట్లో పట్టుకొని ముందర కూర్చుంటే సరిపోతాది."

"నువ్వు గూడా రామ్మా."

"నేనొస్తే ఆ చెట్లకు నీళ్ళెవరు పడతారు? రజా అంటేనే మా మేస్త్రీ మొగం మాడిన రొట్టె మాదిరి అయితాది. ఇంతకీ ఎవరెవరు పోతాండారు?"

"మేమిద్దరం, పాప."

సిద్ధమ్మ చీపురు ఆగింది. "ముగ్గురా? ముగ్గురు గడప దాటకూడదు నాయనా. మీ నాయన ఉన్న దినాల్లో ఆయన, మీ చిన్నాయన, ఊళ్ళో దురుగప్ప ముగ్గురూ కలిసి ఎద్దులు కొనేకి పోతే ఏమాయ?"

"ఏమాయ?"

"ఎద్దులు రాలే. దుడ్డు రాలే. ముగ్గురూ వట్టి చేతులతో వచ్చినారు, అదీ చెప్పులు లేకుండా. నాలుగో మనిషి ఉండాల. యశోదను తీసుకుపోండి."

అరుగు మీద వెల్లుల్లి ఒలుస్తున్న యశోద చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు. ఎత్తితే మొహంలో ఏముందో కనబడిపోతుంది.

నేత్రావతి కొట్టం వైపు చూసింది. "ఎనుము?"

"పొద్దున, సాయంత్రం నేను చూసుకుంటా. నాలుగు దినాలకు ఎనుము చస్తాదా?"

"రానీలే అయితే. నీళ్ళలో కావేరిని పట్టుకునేకి ఒకరు కావాల కదా."

వస్తావా అని యశోదను ఎవరూ అడగలేదు. లెక్క సరిపోవడానికి తీసుకుపోతున్నారని ఆమెకు తెలుసు. అదేమీ బాధ అనిపించలేదు. లెక్క కోసం పోయినవాళ్ళకైనా సముద్రం అదే కనబడుతుంది.

ఆ రోజు నుంచి ప్రయాణం పనులూ ఒక్కొక్కటే ఆమె చేతికి వచ్చాయి. ఏ దారిన పోవాలో ఫోనులో చూసి పెట్టింది. హుబ్బళ్ళి దాటాక ఎల్లాపుర ఘాట్‌లో మలుపులు ఎక్కువ. కావేరికి వాంతులవుతాయి కాబట్టి నిమ్మకాయలు, ప్లాస్టిక్ కవర్లు తీసి పెట్టింది. దారిలో తినడానికి ఎండు జొన్నరొట్టెలు, వాటిలో నంజుకోవడానికి శేంగా పొడి, గురెళ్ళ పొడి చేసింది. కావేరికి ఎర్ర గౌను కుట్టింది. తనకు ముదురు నీలం గుడ్డ తీసుకుని, తడిస్తే ఒంటికి అంటుకోకుండా మడతలు పెట్టి పొడుగు చొక్కా కుట్టుకుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు స్నానాలగదిలో అది వేసుకుని నెత్తి మీద చెంబుల కొద్దీ నీళ్ళు పోసుకుని చూసుకుంది. అంటుకోలేదు.

పక్కింటి ఓబమ్మ జాకెట్టు కొలతలకు వచ్చినప్పుడు తీగ మీద ఆరుతున్న ఆ చొక్కా చూసింది.

"ఏమ్మే, ఇంత గోనెసంచీ ఎవరికి?"

"నాకే అవ్వా. సముద్రంలోకి."

"ఆడ గుడ్డ ముక్క కట్టుకొని మునుగుతారంట గదే ఆడోళ్ళు? నిన్ను చూసి పడవ మీది తెరచాప ఊడి పడిందనుకుంటారు."

యశోద పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వడం ఓబమ్మ ఎప్పుడూ వినలేదు. వెళ్తూ వెళ్తూ, "పోయిరా తల్లీ, పోయిరా" అని వెన్ను నిమిరి పోయింది.

బస మాట్లాడే పనీ యశోదకే పడింది. నేత్రావతి ఆఫీసులో ఎవరో ఒక నంబరు ఇచ్చారు. గోకర్ణంలో బీచ్‌కు దగ్గరగా ఇంట్లోనే గదులు అద్దెకిచ్చే ఒకామెది. "మధ్యాహ్నం ఖాళీనే కదా, నువ్వు మాట్లాడు" అని నంబరు పంపింది.

కొత్తవాళ్ళతో ఫోనులో మాట్లాడాలంటే యశోదకు చెమటలు పట్టేవి. కన్నడంలోనే చదువుకున్నా సరే, అడగాల్సిన మాటలు కొట్టంలో ఎనుము ముందు నిలబడి పలికి చూసుకుంది. ఆ తర్వాతే నంబరు నొక్కింది.

అవతలి ఆమె గొంతు మంచిగా ఉంది. తీరిగ్గా కన్నడంలో అన్నీ చెప్పింది. గది పెద్దదే, భార్యాభర్తలు, పాప పడుకోవచ్చు. నాలుగో మనిషి ఎవరు, ఫోను చేస్తున్నది ఎవరు అని అడిగింది.

"నేనే. పాపను చూసుకుంటాను," అంది యశోద.

"ఓ, పనికి ఉండే అమ్మాయివా? అట్లయితే నీకు వేరే డబ్బులు అక్కర్లేదు. వంటింటి పక్క వసారాలో చాప వేస్తాం. పనివాళ్ళు వస్తే అక్కడే పడుకుంటారు."

యశోదకు ఆ మాట స్పష్టంగానే వినబడింది. కాదు, నేను ఆయన చెల్లెలిని అనాలి. నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఇంకో ఆలోచనా వచ్చింది. తన మూలంగా ఖర్చు పెరుగుతుందంటే వదిన ఇంకొకసారి ఆలోచిస్తుంది. వదిన ఆలోచిస్తే తను ఇంట్లోనే ఉంటుంది. పైగా ఎవరైనా ఒక మాట అనేస్తే, అది తప్పు అని చెప్పడం ఆమె ఏనాడూ ఎరగదు.

"హౌదు," అంది. అవును అని. అన్న పేరు, ఫోను నంబరు రాయించి గది ఖాయం చేసింది.

గది కుదిరిందని విని సాయంత్రం అన్న మెచ్చుకున్నాడు. "అంత తక్కువకు ఎట్ల ఒప్పించినావు మే? మా కాంట్రాక్టరు దగ్గరికి నిన్ను పంపియ్యాల" అన్నాడు. యశోద అతనికి నీళ్ళచెంబు అందించింది. చాప మీద పడుకుంటే ఏమి, వసారా అయితే సముద్రం హోరు ఇంకా బాగా వినబడుతుందేమో అనుకుంది.

బయల్దేరే ముందటి రోజు అందరూ అన్నాలు తింటున్నారు. సిద్ధేశ్ ఫోను మోగింది. చేతికి మెతుకులు అంటుకుని ఉన్నాయని ఎడమచేత్తో నొక్కి స్పీకరు పెట్టాడు. గోకర్ణం ఆమె.

"రేపే కదా మీరు వచ్చేది? గది కడిగించి పెట్టాను," అంది. "మీ పనమ్మాయికి వసారాలో చాప, దుప్పటి పెట్టాను. ఆ అమ్మాయి మాత్రం వెనకవైపు బాత్రూమే వాడుకోవాలి. ముందే చెప్పేస్తే మంచిది కదా అని."

"యా పనమ్మాయి?" అన్నాడు సిద్ధేశ్. కంగారులో తెలుగులోనే అనేసి, మళ్ళీ కన్నడంలో అడిగాడు.

"అదే, పాపను చూసుకునే అమ్మాయి. ఫోను చేసింది కదా."

సిద్ధేశ్ ఫోను పెట్టేసి చెల్లెలి వైపు తిరిగాడు.

"నువ్వు పనిమనిషివని చెప్పినావా?" అన్నాడు సిద్ధేశ్.

"నేను చెప్పలేదన్నా. ఆమె అడిగింది."

"అడిగితే?"

"అవునన్నా."

నేత్రావతి కంచం పక్కకు నెట్టింది. "విన్నారా? వదిన నన్ను పనిమనిషి మాదిరి పెట్టుకుంది అని ఊరూరికీ చాటేకి బయల్దేరింది. నోట్లో నాలుక లేదనుకుంటిమి. ఉండాది, నా మీదికి తిప్పేకి దాచిపెట్టుకుంది."

"నిన్ను ఎప్పుడన్నా అట్ల చూసినామా?" సిద్ధేశ్ గొంతు పెరిగింది. "చెప్పు మే. ఈ ఇంట్లో ఎవరన్నా నిన్ను అట్ల చూసినారా?"

"లేదన్నా," అంది యశోద. అప్పటికే అతని ఎంగిలి కంచం ఆమె చేతిలో ఉంది.

సిద్ధేశ్ ఆ కంచాన్ని చూశాడో లేదో. కాసేపటికి కొంచెం తగ్గి, "ఫోను చేసి నా చెల్లెలని చెప్పేస్తా. అయిపోతాది," అన్నాడు.

"ఇప్పుడు చెప్తే ఇంకా బాగుంటాది," అంది నేత్రావతి. "చెల్లెలిని పనమ్మాయి అని చెప్పి దుడ్డు మిగిలించుకునే రకం అనుకుంటాది. నాలుగు దినాలు ఆమె ఇంట్లో ఏ మొగం పెట్టుకొని తిరగాల? ఈమె వసారాలో కూర్చుంటే వచ్చిపోయే వాళ్ళందరికీ అదే మాట చెప్తాది. యశోద రాకుంటే ఏ మాటా ఉండదు."

"నేను వసారాలోనే పడుకుంటా వదినా. నాకేం కాదు," అంది యశోద.

ఎవరూ అడగక ముందే ఆమె అంత మాట అనడం అదే మొదలు. ఆ మాటే ఆమె కొంప ముంచింది.

"చూడు, ఇంకా అదే మాట," అంది నేత్రావతి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నిజం నీళ్ళే. "ఎనిమిదేళ్ళ నుంచి నా కూతురిని నీ చేతిలో పెట్టినా. నా సొంత మనిషి అనుకొనే పెట్టినా. నాకు ఇదా?"

ఇంట్లో యశోదది ఒక్క మనిషి మీదే ఆశ. ఆమె తల్లి వైపు చూసింది. సిద్ధమ్మ అన్నం కలుపుతూనే ఉంది. కొడుకు మొహం చూసింది, కోడలి మొహం చూసింది. పొద్దున లేస్తే కూతురు ఎలాగూ తన కూతురే. కోడలిని సముదాయించుకోవాలి.

"పోనీలే మే," అంది. "పెళ్ళయినాక మొగుడు చూపిస్తాడు. సముద్రం యాడికి పోతాది? ఎండిపోయేకి అదేమన్నా మన చెరువా?"

ఎవరూ నవ్వలేదు. మాట మాత్రం ఖాయమైపోయింది.

తెల్లవారుజామున యశోదే లేచి కాఫీ కాచింది. సంచులన్నీ కారులో సర్దింది. ఏ సంచిలో ఏముందో వదినకు చెప్పబోతే, "సరే సరే, చూసుకుంటా" అంది నేత్రావతి. రాత్రి ఏడ్చినందుకు మొహం ఇంకా ఉబ్బే ఉంది. కావేరి మాత్రం అత్త ఎందుకు రావడం లేదని అందరినీ అడిగింది. ఎనుముకు బాగాలేదని తండ్రి చెప్పాడు. కావేరి కొట్టంలోకి పోయి చూసి వచ్చి, "బాగానే మేస్తాంది కదా" అంది.

తీరా కారెక్కబోతుంటే సిద్ధమ్మ అడ్డం వచ్చింది. "ఆగండాగండి. ముగ్గురైపోతిరి కదప్పా."

సిద్ధేశ్ విసుక్కున్నాడు. "ఇప్పుడు నాలుగో మనిషిని యాడ తెచ్చేదమ్మా?"

"మనిషి లేకుంటే రాయి. మా పెద్దోళ్ళు అట్లనే చేసేవాళ్ళు. ఒక రాయి కూర్చోబెట్టుకుంటే లెక్క సరిపోతాది. యశోదా, ఒక మంచి రాయి తీసుకరా పో."

యశోద రోడ్డు మీదికి పోయింది. ఖనిజం లారీల నుంచి జారిన రాళ్ళు రోడ్డు వార నిండా ఉంటాయి. ఒకటి ఎత్తింది, దింపింది. ఇంకొకటి ఎత్తింది. అరచేతికి నిండుగా వచ్చే ఎర్రరాయి ఒకటి దొరికింది. చూపుకు చిన్నదే, బరువు మాత్రం చాలా ఉంది. కొళాయి కింద కడిగింది. సిద్ధమ్మ కుంకుమ బొట్టు పెట్టి వెనక సీటులో, కావేరి పక్కన పెట్టమంది. యశోద వంగి పెట్టింది.

"ఇది అత్త," అంది కావేరి. బెల్టు లాగి రాయి మీదుగా తగిలించి, "కదలొద్దత్తా, పడిపోతావు" అంది.

సిద్ధేశ్ పెద్దగా నవ్వాడు. నేత్రావతి కూడా రాత్రి నుంచి మొదటిసారిగా నవ్వింది. సిద్ధమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ నవ్వుతుంటే నవ్వని మనిషి మీదే చూపులు పడతాయి కాబట్టి యశోద కూడా నవ్వింది.

కారు ఎక్కే ముందు సిద్ధేశ్ చెల్లెలి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మనసులో పెట్టుకోవద్దు మే. పోయినాక ఆమెకు నేను సరిగ్గా చెప్తా, ఆ పిల్ల నా చెల్లెలు, మా ఇంటి బిడ్డ అని. సరేనా?"

యశోద తల ఊపింది. ఆ మాట పట్టుకుని ఆ పగలంతా గడిపింది. సముద్రం పోయింది, పోనీ. అంత దూరాన, ఎన్నడూ చూడని ఒక ఇంట్లో, తను పనమ్మాయి కాదని ఒక మనిషికైనా తెలుస్తుంది. అక్కడ అన్న నోటి నుంచి ఆ మాట రావడం తను వినలేకపోయినా, అతను చెప్పే తీరు ఊహించుకుంది. ఆ ఇంటామె అయ్యో అని నొచ్చుకోవడం కూడా ఊహించుకుంది. ఎనుమును కడిగేటప్పుడు ఆ నీలం చొక్కానే వేసుకుంది. పేడనీళ్ళలో తడిసినా అది ఒంటికి అంటుకోలేదు.

పొద్దు వాలే వేళకు వీడియో ఫోను వచ్చింది. తెర మీద మొదట ఆకాశం, తర్వాత ఎవరివో కాళ్ళు, తర్వాత కావేరి తడిసిన జుట్టు.

"అత్తా, చూడు చూడు, సముద్రం."

కావేరి చేతులు వణుకుతుంటే తెర కూడా ఊగుతోంది. ఏదో బూడిదరంగు గీత ఒకసారి వంకరగా కనబడి పోయింది. అంతలో నేత్రావతి ఫోను తీసుకుంది.

"యశోదా, దీని పొడి బట్టలు యాడ పెట్టినావు? సంచులన్నీ తిరగేసినా. ఈడ గాలికి పిల్ల వణికిపోతాంది."

వదిన చెవి వెనక ఒక పక్కగా సముద్రం కనబడుతోంది. చూపంతా అటే పోతోంది. పొడి బట్టలు నీలం సంచీ పక్క జిప్పులో, తువ్వాలులో చుట్టి ఉన్నాయి. సులువుగా దొరకాలని అక్కడ పెట్టింది.

"నాకు తెల్దు వదినా," అంది.

"నువ్వే కదా సర్దింది?"

"తెల్దు."

నేత్రావతి ఏదో గొణుగుతూ ఫోను పెట్టేసింది. యశోద తెర వైపే చూస్తూ కూర్చుంది. అడిగినదానికి తెలిసీ తెలియదనడం ఆ ఇంట్లో ఆమెకు అదే మొదలు. అది కాసేపు బాగానే ఉంది. ఆ తర్వాత కావేరి పళ్ళు టకటక కొట్టుకోవడం గుర్తొచ్చింది. నెలల బిడ్డగా ఉన్నప్పటి నుంచీ ఆ పిల్లకు చలి ఆగదు. ఆ సంగతి పిల్ల తల్లికన్నా తనకే బాగా తెలుసు. యశోద మళ్ళీ ఫోను చేసింది. చాలాసేపు మోగాక సిద్ధేశ్ ఎత్తాడు.

"అన్నా, నీలం సంచీ పక్క జిప్పులో ఉండాయి."

"అవి ఎప్పుడో దొరికినాయిలే. ఈ ఇంటామే వెతికి తీసిచ్చింది. చానా మంచి మనిషి. నువ్వు రాలేదేమని అడిగింది."

యశోద లేచి నిలబడింది. "ఏమని చెప్పినావన్నా?"

అవతల అలల చప్పుడు వినబడింది. అది చాలాసేపు వినబడింది. మధ్యలో ఎవరో కన్నడంలో టీ తాగుతారా అని అడుగుతున్నారు.

"అదంతా ఇప్పుడెందుకులే మే," అన్నాడు సిద్ధేశ్. "నెమ్మదిగా చెప్తాం. ఎనుముకు నీళ్ళు పెట్టినావా?"

"లేదు," అంది యశోద.

కొట్టంలో ఎనుము తాడు లాగుతూ అరుస్తోంది. ఆమె మళ్ళీ అరుగు మీద కూర్చుంది.